తలుపులు మూసి వేసిన ధూపం

ఆ రోజు ఉదయం జడ వేయించుకుంటూ మా స్టెల్లా మాట మధ్యలో ఆగిపోయింది. నా కొడుకు కూతురు, ఏడేళ్లది. దాని నోరు ఒక్క క్షణం మూతపడదు. వీపు మీద చెయ్యేస్తే లోపల పిల్లి గురగురలాడినట్టుంది. "నాటకాలాడకు, బడికి టైమైంది" అని కసిరాను. ఆ మాట నన్నింకా వదల్లేదు.

మాది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. నేను మూడో తరగతితో బడి మానేశాను. బైబిలు మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుని చదువుతాను. మా ఇంట్లో ప్రార్థనంటే ధూపం ఉండాల్సిందే. సాయంత్రం కొబ్బరిపీచు నిప్పుల మీద చిటికెడు సాంబ్రాణి చల్లి, తలుపులూ కిటికీలూ బిగించేదాన్ని. కొన్న వస్తువు వీధి పాలవడం నాకు గిట్టదు. ఆ ధూపంతోనే దోమలు పోవాలి, స్టెల్లా తలంటు జుట్టు ఆరాలి, మా మొర పైకి చేరాలి.

ఆయాసం తగ్గక అవనిగడ్డ తీసుకెళ్తే, డాక్టరు గారు స్టెతస్కోప్ పెట్టి చూసి, "వీజింగ్ ఉందండి, పిల్లికూతలు" అన్నారు. మందు ఆవిరి పీల్చేలా నెబులైజేషన్ పెట్టించి, "ఇంట్లో పొగ ఏమైనా ఉందా?" అని అడిగారు.

"లేదండీ. గ్యాసు పొయ్యి. మావాడు బీడీ కూడా ముట్టడు."

నేను అబద్ధమాడాననుకోలేదు. ధూపాన్ని పొగ అని ఏనాడూ అనుకోలేదు మరి.

ఇన్‌హేలర్ ఇచ్చారు. వారం బాగుంది, మళ్లీ మొదలైంది. ప్రకటన గ్రంథంలో దేవదూత ధూపాన్ని పరిశుద్ధుల ప్రార్థనలతో కలిపి దేవుని ముందు అర్పిస్తాడని చదివాను. మన మొర అందలేదంటే ధూపం చాలలేదనుకున్నాను. అన్నీ ఆచితూచి వాడేదాన్ని, చిటికెడు మాని పిడికెడు చల్లాను.

"అత్తయ్యా, కాస్త తలుపు తీద్దామా? పిల్లకి ఊపిరాడట్లేదు" అంది కోడలు రాణి.

"దేవుడి ముందు ఉక్కపోతలేంటి? మోకరించు."

ఆ ప్రార్థనలోనే స్టెల్లా నా మీదికి ఒరిగిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆటోలో అవనిగడ్డ, అక్కణ్ణించి అంబులెన్సులో బందరు పెద్దాసుపత్రి. "ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతోంది, ఐసీయూకి షిఫ్ట్ చేయండి" అని ఎవరో అరిచారు. డాక్టరమ్మ బయటికొచ్చి, "సివియర్ అటాక్ అండి. మందులకి రెస్పాండ్ అవ్వాలి. ఇప్పుడే ఏం చెప్పలేను" అన్నారు.

రెండు రోజులు ఏమీ చెప్పలేదు. నాకేమో చేతిలో ధూపం లేక నోట ప్రార్థన రాలేదు. దేవుడు తలుపేసుకున్నాడనిపించింది. కొంగున కట్టుకున్న సాంబ్రాణి పొట్లం విప్పి నర్సమ్మను బతిమాలాను: "ఆ మూల చిటికెడు వెలిగించుకుంటానమ్మా."

"మామ్మగారూ! ఆక్సిజన్ దగ్గర నిప్పా? అందర్నీ పైకి పంపేస్తారా ఏంటి?" అని పొట్లం లాక్కుంది. వాసన చూసి ఆగింది. "పాప జుట్టంతా ఇదే వాసన. ఇంట్లో రోజూ వేస్తారా?"

డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

"తలుపులు మూసేనా? మరి అవనిగడ్డ చీటీలో పొగ లేదని ఉంది కదమ్మా!"

"అది పొగ కాదండీ, ధూపం."

"ఊపిరితిత్తులకి ఆ తేడా తెలీదమ్మా."

రాణి పక్కనే ఉంది. నా వైపు చూడకుండా డాక్టరమ్మ వెనకే లోపలికెళ్లింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు మా గుడి ఫాదర్ గారు వచ్చారు. "నా ప్రార్థనే పిల్ల గొంతు నులిమింది ఫాదర్" అని ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు, ప్రశ్న అడిగారు. "లూకా సువార్తలో యాజకుడు జెకర్యా దేవాలయంలో ధూపం వేస్తుంటే జనం ఎక్కడున్నారమ్మా?"

"బయట నిలబడి ప్రార్థన చేశారు."

"మరి వాళ్ల మొర అందలేదా? ధూపం గుర్తు మాత్రమేనమ్మా. పైకెళ్లేది ప్రార్థన."

నాకు ధైర్యం రాలేదు. అయినా ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఒట్టి చేతులతో "పిల్లకి ఊపిరియ్యి తండ్రీ" అన్నాను. అంతకు మించి మాట లేదు.

నాలుగో రోజు స్టెల్లాకి ఆక్సిజన్ మాస్క్ తీశారు. "నానమ్మా, జడ వెయ్యవా?" అంది. మూడుసార్లు విప్పి అల్లినా పాయలు కుదరలేదు.

అంతటితో అయిపోలేదు. తర్వాతా ఒకసారి పక్కింటి దోమల చక్రం పొగకి మళ్లీ అడ్మిట్ చేశాం. "ఆస్తమా కంట్రోల్‌లో ఉంచుకోవాలి, మందు మానకూడదు" అన్నారు. ఇప్పటికీ అది దగ్గితే వీపు మీద చెయ్యేసి చూస్తాను. ప్రార్థన ఇప్పుడు వాకిట్లో, ఆరుబయట. ఇత్తడి ధూపపు గిన్నె పారేయబుద్ధి కాలేదు. చింతపండుతో మసి వదిలేదాకా తోమి, స్టెల్లా ఇన్‌హేలర్ అందులో పెడుతున్నాను. రెండు పూటలా మందు పీల్చాకే ప్రార్థన.

అమ్మలారా, డాక్టరు ఇంట్లో పొగ ఉందా అంటే పొయ్యి ఒక్కటే గుర్తు చేసుకోకండి. సాంబ్రాణి, అగరొత్తి, దోమల చక్రం అన్నీ చెప్పండి. దేవుడికని వేసేదైతే ముందు అదే చెప్పండి.