బాబాయి మూడు యాంప్లిఫయర్లు

మా బాబాయి తన ఇంట్లో ఎవరినీ ఒక్క పాట కూడా చివరిదాకా విననిచ్చిన పాపాన పోలేదు. పల్లవి అయిందో లేదో కుర్చీలోంచి లేచి, "బేస్ ఎక్కువైందిరా!" అంటూ యాంప్లిఫయర్ల దగ్గరికి పరిగెత్తేవాడు. అవును, యాంప్లిఫయర్లే. లావు శబ్దానికి, అదే బేస్‌కి ఒకటి, సన్న శబ్దానికి, అదే ట్రెబుల్‌కి ఒకటి, మధ్యరకానికి ఇంకొకటి.

"ముగ్గురూ సర్దుకుపోతేనే పాట. ఒకడు గొంతు పెంచాడా, పోట్లాటే," అనేవాడు.

ఆ హాల్లో సోఫా అంగుళం జరిపినా మహాపరాధం. ఇంటికొచ్చిన అల్లుడితో కూడా, "కాస్త పక్కకి జరుగు నాయనా, బేసంతా నువ్వే మింగేస్తున్నావు," అన్నాడు. ఆ అబ్బాయి కాస్త బొద్దుగా ఉంటాడు లెండి. పాపం, ఆ పూట రెండోసారి వడ్డించుకోలేదు.

ఇక తన చెవుల గురించి బాబాయి కోసే కోతలకి అంతుండేది కాదు. పక్కింట్లో చెంచా పడితే స్టీలుదో వెండిదో చెప్పేస్తాడట!

అలాంటి మనిషి ఉన్నట్టుండి ట్రెబుల్ పెంచడం మొదలెట్టాడు. పాట పెడితే వినేవాళ్ళకి పళ్ళు జివ్వుమనేవి. పక్కింటాయన కిటికీలు మూసుకున్నాడు. బాబాయికి చెవుడొచ్చిందని వీధి వీధంతా తేల్చేసింది.

పిన్ని ఇంట్లోనే పిల్లలకి సంగీతం చెప్పేది. ఆవిడకీ ఆ మధ్య విసుగెక్కువైంది. "ఈ పిల్లలు నోరు తెరిచి పాడరు, అంతా గొణుగుడే. ఇక పాఠాలు మానేస్తాను," అనేది. ఒకసారి డాక్టరుకి చెవులు చూపించుకోమని బాబాయి అన్నందుకు ఆయన మీద ఇంతెత్తున లేచింది.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి పాట మోగిపోతోంది. పిన్ని కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది. నేను చెవులు మూసుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, ఆ ట్రెబుల్ తగ్గించు, చచ్చిపోతున్నా!"

ఉలుకూ పలుకూ లేదు. భుజం తడితే ఇటు తిరిగాడు. రెండు చెవుల్లోనూ దూది!

ఒకటి పీకి, "నెమ్మదిగా మాట్లాడరా, మీ పిన్ని వింటోంది," అన్నాడు. "సన్న శబ్దాలు దానికి అందట్లేదురా. పిల్లలు పాడే మాటలు సరిగ్గా వినబడకే పాఠాలు మానేస్తానంటోంది. పాఠాలు మానేస్తే అది మనిషి కాదు."

"మరి నీ బ్యాలెన్సు?"

"దాని కుర్చీ దగ్గర సరిపోతే చాలదూ?"

అంతలో పాట అయిపోయి పిన్ని లేచొచ్చింది. బాబాయి దూది గబుక్కున జేబులో కుక్కేశాడు.

"చూశావురా, ఎంత సౌండు పెడుతున్నారో! చెవులు చూపించుకోండంటే వింటారా ఈయన?"

తన చెవుల మీద ఈగ వాలనివ్వని బాబాయి తల దించుకున్నాడు. "నిజమేనే. నాకే వినబడట్లేదు. డాక్టరంటే భయం. ముందు నువ్వు చూపించుకున్నావనుకో, నాకు ధైర్యం వస్తుంది."

"ఇంత వయసొచ్చీ చిన్నపిల్లాడే! సరే పదండి, ముందు నేనే కూర్చుంటాను."

దారి పొడుగునా పిన్ని ఆయన చెవుడుని తిట్టిపోస్తూనే ఉంది. బాబాయి ప్రతి మాటకీ "ఆఁ? ఏంటీ?" అంటూ, హాయిగా నవ్వుకుంటూ ఆవిడ పక్కనే నడిచాడు.