తల నీదే కదా

ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆమె జుట్టుకు అమ్మ కత్తెర తప్ప మరొకటి తగల్లేదు. అమ్మది రెండు కుర్చీల బ్యూటీ పార్లర్. ఆ వీధిలో సగం మంది ఆడవాళ్ల తలలు ఆమె చేతిమీదుగా వెళ్లినవే.

పదిహేనేళ్లొచ్చినా పిచ్చుకకు అమ్మ తీరు ఒక పట్టాన అంతుపట్టదు. ఈత పోటీలకని పక్క ఊరికి ఒక్కదాన్నే బస్సెక్కించి, "వెళ్లిరా, నీకేం భయం" అంటుంది. అదే మనిషి చెప్పుల రంగు దగ్గర పట్టిన పట్టు విడవదు. ఇక జడంటారా, నడుము దాటాల్సిందే.

ఒక శనివారం పిచ్చుక నాలుగు వీధుల అవతల ఇంకో పార్లర్‌కు వెళ్లి, జుట్టు భుజాల పైకి కత్తిరించుకుంది. ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరుగుతుందని దారి పొడవునా జవాబులు కూడగట్టుకుంది.

అమ్మ ఆమెను అటు తిప్పి చూసింది. "మెడ దగ్గర ఎగుడుదిగుడుగా ఉంది. సరిచేయనా?"

"వద్దు."

"సరే. తల నీదే కదా."

అంతే. చేతులు కడుక్కుని కంచాలు పెట్టింది.

గెలిచిందో ఓడిందో పిచ్చుకకు తెలియలేదు. అమ్మకు కోపమొచ్చిందా? పట్టించుకోవడమే మానేసిందా? నాన్నను అడిగితే, "మీ అమ్మ మనసు చదవడంలో పద్దెనిమిదేళ్లుగా ఫెయిలవుతున్నా, నన్నడుగుతావేంటి?" అని నవ్వి తప్పించుకున్నాడు.

నాలుగో రోజు బడి నుంచి నేరుగా అమ్మ పార్లర్‌కు వెళ్లి, ఇద్దరి వెనక తన వంతు కోసం కూర్చుంది. అమ్మ ఆమె మెడకు గుడ్డ చుట్టి, అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఎలా కావాలండీ?"

"నీకెలా బాగుంటే అలా."

"నాకు కాదు, నీకెలా కావాలో చెప్పు," అంది అమ్మ.

"ఇన్నాళ్లూ నువ్వేగా చెప్పావు! ఇప్పుడు కొత్తగా నన్నడుగుతావేంటి?" అంది పిచ్చుక.

అమ్మ చేతిలో దువ్వెన ఆగింది. "చెప్పాననేగా వేరే చోటికెళ్లావు? చెప్తే తప్పు, అడిగితే తప్పు. నేనేం చేయాలో నువ్వే చెప్పు తల్లీ."

పిచ్చుక మెడ వెనక జుట్టు తడుముకుంది. "వెనక మాత్రం సమం చెయ్యి. ముందు వైపు ముట్టుకోకు," అంది.

అమ్మ అలాగే చేసింది. ఒక్కసారి మాత్రం ఆమె చెయ్యి నుదుటి మీది జుట్టు దాకా వచ్చి, వెనక్కి పోయింది. అద్దంలో అది చూసి పిచ్చుకకు హాయిగా అనిపించింది. ఆ వెంటనే, ఆ చెయ్యి ఆగకుండా ఉంటే బాగుండేదేమో అనీ అనిపించింది.

"బాగుందా?" అని అడిగింది.

"నీకు నచ్చిందా?" అంది అమ్మ గుడ్డ దులుపుతూ.

పిచ్చుక అద్దంలో తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నచ్చిందో లేదో నిజంగానే తెలియలేదు. అప్పటికే తర్వాతి ఆవిడ కుర్చీ పక్కకొచ్చి నిలబడింది.