బావ బండికి బంతిపూల దండ

ఆదిలాబాద్‌లో మా లత అక్క ఇంటికి నేను చుట్టపుచూపుగా పోలేదు. పంచాయితీ చెప్పడానికి పోయాను. "పెద్దమనిషివి నువ్వే. రేపు పొద్దుగూకకముందే రా" అని అక్క ఫోన్‌లో హుకుం జారీ చేసింది.

సంగతేమిటంటే, మా బావ ఏడేళ్ళు దుబాయ్‌లో వెల్డింగ్ పని చేసి పోయినేడు ఇంటికొచ్చాడు. అక్కడెక్కడో పాత విమానం ఇంజిన్ చూసి మనసు పారేసుకున్నాడట. పాత బైకుల సిలిండర్లు ఐదు ఊడబీకి, ఒకే ఇరుసు చుట్టూ నక్షత్రంలా బిగించి మోటార్‌సైకిల్ కట్టాడు. ఇలాంటివి చేసి అమ్ముకుంటూ ఇక్కడే బతుకుతానంటాడు. అక్క షరతు పెట్టింది: బండి పెట్రోల్ బంకు దాకా పోయి, ఎవరూ తొయ్యకుండా తిరిగి రావాలి. రాకుంటే మళ్ళీ దుబాయ్. తేల్చవలసింది నేను. నా ఖర్మ!

కరీంనగర్‌లో ఆరింటికి రావలసిన నిర్మల్ బస్సు ఏడున్నరకు వచ్చింది. జగిత్యాల దాటినా నిలబడే ఉన్నాను. కోరుట్లలో సీటు దొరికిందనుకుంటే పక్కనాయన నా కాళ్ళ దగ్గర ఎరువు బస్తా పెట్టాడు. "జర కాళ్లు పైన పెట్టుకో సారూ, ఏం ఫికర్ లేదు" అన్నాడు. ఆయనకేం ఫికర్, మోకాళ్ళు నావి.

నిర్మల్‌లో బస్సు మారాలి. మీరెవరైనా పోతే అక్కడే కడుపునిండా తినండి. నేను తినలేదు, ఘాట్ రోడ్డు మీద బస్సు వేడెక్కి ఆగిపోయింది. దిగి ఎండలో నిలబడితే ఒకామె "యాడికి పోతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఇంజిన్ చూడడానికన్నాను. "గిదే సూడు మరి" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

ఇల్లు చేరేసరికి మూడు దాటింది. జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాకే మనిషినయ్యాను. బండి మాత్రం, ఎంత చిరాకులో ఉన్నా ఒప్పుకోవాలి, అందంగా ఉంది. అక్క బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంజిన్ చుట్టూ లావుపాటి బంతిపూల దండ వేసింది.

"గాలి గుంజే జాగ అది. దండ హ్యాండిల్‌కు వెయ్యి" అన్నాడు బావ.

"కొత్తబండి పూజ నాకు నేర్పుతున్నవా?"

బావ దండ వంక ఒకసారి చూసి బండెక్కాడు. ఒక్క కిక్కుకే వీధంతా దద్దరిల్లింది. ఆయన ముఖం చూడాలి! మలుపు దాకా పోయాడు. బండి రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. గాలిగొట్టం విప్పితే గుప్పెడు బంతిరేకులు.

బావ తోసుకుంటూ వచ్చి గడప మీద కూలబడ్డాడు. "షరతు షరతే. పాస్‌పోర్ట్ తియ్యి."

నేను గొంతు సవరించుకున్నాను. అక్క నావైపు చూడనే లేదు.

"దండ ఏసింది నేను. నువ్వు జెప్పినా ఇనలే. ఏడేండ్లు ఫోన్ల కాపురం జేసిన. ఇగ నాతోని గాదు. పోకు" అని ఏడ్చేసింది. బావ కూడా ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే తిరుగు బస్సు ఎక్కాను. అంతదూరం ఒళ్ళు హూనం చేసుకుని పోతే, పెద్దమనిషిని ఒక్క మాట అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నిర్మల్ దగ్గరికి వచ్చేసరికి అక్క ఫోన్ చేసింది. ఎత్తితే ఒకటే డగడగ. బావ బండి వెనక సీటు మీంచి అక్క ఏదో అరుస్తున్నది, ఒక్క ముక్క అర్థం కాలేదు, నవ్వు మాత్రం వినపడింది.

"ఏం లొల్లి సారూ, జర బంద్ చెయ్యి" అని పక్కనాయన విసుక్కున్నాడు.

నేను బంద్ చెయ్యలేదు.