మందార పిన్నులో ఐదో రేకు

2023 వానాకాలం. సుచిత్ర చౌరస్తా దగ్గర మా దుకాణం. మెడల్స్, షీల్డులు, బ్యాడ్జీలు చేయించి అమ్ముతాను. అంతకుముందు జీడిమెట్లలో బ్యాడ్జీల వర్క్‌షాపులో చాలా ఏళ్ళు చేశాను కాబట్టి, బట్టలకి గుచ్చుకునే బ్యాడ్జీ పిన్నులు సేకరించే పిచ్చివాళ్ళు అసలుదో నకిలీదో తేల్చమని నా దగ్గరికే వస్తారు. పిచ్చివాళ్ళని ప్రేమతోనే అంటున్నాను. నాకూ ఆ పిచ్చి ఉంది.

ఒక మధ్యాహ్నం శామీర్‌పేట నుంచి సుజాత మేడం వచ్చారు. టీచరు, కాకినాడ వైపు వాళ్ళు. రుమాలులోంచి ఒక మందారపువ్వు పిన్ను తీసి కౌంటర్ మీద పెట్టారు. చిన్నప్పుడు గైడ్స్ క్యాంపులో పిల్లలు పిన్నులు మార్చుకునేవారట. ఈవిడ తన పిన్ను ఇచ్చి, లత అనే అమ్మాయి దగ్గర ఇది తీసుకున్నారు. ఆ స్నేహం ఇప్పటికీ ఉంది. మొన్న సేకరణదారుల గ్రూపులో ఫొటో పెడితే, ఎవరో పెద్దమనిషి డూప్లికేట్ అని తేల్చేశాడు.

"ఆదివారం లత మా ఇంటికి వస్తోందండీ. నేనిచ్చింది అసలుది. అది నాకు నకిలీది అంటగట్టిందంటే, దాని మొహం ఎలా చూడనండీ?" అన్నారు.

ఫొటో చూసి తీర్పులిచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కానీ భూతద్దంలో చూస్తే ఆయన అనుమానం ఉత్తది కాదు. ఐదో రేకులో ఎరుపు గీత దాటి పారింది. లోహపు గుంటల్లో రంగు నింపి, కొలిమిలో కాల్చి, నున్నగా అరగదీసేదే ఎనామెల్. మంచి పనిలో రంగు గీత దాటదు.

వెనక్కి తిప్పితే తయారీదారు పేరు అచ్చు కొట్టి ఉంది. అసలు పిన్ను నుంచి అచ్చు తీసి పోత పోస్తే అక్షరాలు మొద్దుబారతాయి. ఇక్కడ అక్షరాలు పదునుగా ఉన్నాయి. ఇంత మంచి డై, అంటే ఉక్కు అచ్చు, పెట్టి కొట్టినవాడు ఒక్క రేకునే అంత దరిద్రంగా ఎందుకు నింపుతాడు?

"మేడం, గీ రేకు జర తుడిచి సూస్త. కాల్చిన ఎనామెల్ అయితే కదలది. సరేనా?"

ఆవిడ తల ఊపారు. దూదికి రంగు కరిగించే అసిటోన్ అద్ది రేకు అంచున రాశాను. దూది ఎర్రబడింది, కింద ఖాళీ గుంట కనబడింది. మిగతా రేకులు రుద్దితే కొత్త దూది తెల్లగానే ఉంది.

"పిన్ను అసలుదే మేడం. ఒక్క రేకుల ఎనామెల్ ఊడింది. ఎవరో నెయిల్ పాలిష్ పెట్టిండ్రు."

"ఆపండి, ఇంక తుడవకండి!" ఆవిడ నా చేయి పట్టుకున్నంత పని చేశారు. "క్యాంపులో నెయిల్ పాలిష్ కనబడితే తిట్టేవారండీ. సబ్బుపెట్టెలో దాచి తెచ్చుకుంది లత ఒక్కత్తే. రేకు ఊడిందని తెలిస్తే నేను మార్చుకోననుకుందేమో, పిచ్చిది!"

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

కొత్త ఎనామెల్ నింపిస్తానంటే వద్దన్నారు. పక్కనున్న ఫ్యాన్సీ షాపుకెళ్ళి ఎర్ర నెయిల్ పాలిష్ కొని, తెచ్చి నాకు చూపించారు.

"ఈ రంగు కలుస్తుందాండీ? మీరు చెరిపిన చోట ఆదివారం దానిచేతే వేయిస్తాను."

అప్పటినుంచి ఎవరు పిన్ను తెచ్చినా, భూతద్దం తీసే ముందు "మీకిది ఎవరిచ్చిండ్రు?" అని అడుగుతున్నాను.