లైటు మీద పడ్డ రంగు

నా పెనిమిటిని అయిజ దారిలో ఒక కారు గుద్ది చంపి, ఆగకుండా పోయింది. అది ఎవరి కారో ఈ రోజుకూ తేలలేదు. అది జరిగిన కొన్నాళ్లకు గద్వాలలో బస్సు తప్పిపోయి, వనపర్తి పోయే కిరాయి కారు దగ్గర నిలబడ్డాను. నడిపేవాడికి ముప్పై ఏళ్లుంటాయేమో. బండి నిండేదాకా ముందు లైటు దగ్గర గొంతుక్కూర్చుని, పళ్లపేస్టు అద్దిన తడిగుడ్డతో తెల్ల చుక్కలు రుద్దుతున్నాడు.

"ఏంది నాయనా అది?"

"రంగేసినోడు కాయితం సరిగ కప్పలే పెద్దమ్మా, లైటు మీద తుంపర్లు పడ్డయి. థిన్నర్ పెడితే ప్లాస్టిక్ మసకైతది, గిట్ల మెల్లగ రుద్దాలె. అమ్మేటప్పుడు చుక్కలుంటే కొనేటోడు ఇది గుద్దిన బండి అని పసిగడ్తడు."

"దేన్ని గుద్దినవ్?"

"బర్రె అడ్డమొచ్చింది."

"బతికిందా?"

"తెల్వదు. ఆగలే. ఆగితే ఊకుంటరా?"

రుద్దే చెయ్యి మాత్రం ఆగలేదు. బర్రె పేరు చెప్పి మనిషినే తుడిచేస్తున్నాడేమో అనిపించింది. నిజంగా బర్రే అయ్యుంటుంది, నాకేం తెలుసు. ఏ దారిలో అని అడగబోయి మానుకున్నాను. అయిజ దారి అంటే ఏం చేసుకోను, కాదంటే ఎట్లా నమ్మను? వేరే బండి లేదు, దాంట్లోనే ఎక్కాను. దారంతా అతని మెడ వెనక చూస్తూ కూర్చున్నాను.

వనపర్తిలో నా మూట అతనే దించాడు. "రోడ్డు దాటేటప్పుడు పైలం పెద్దమ్మా, బండ్లోళ్లు చూడరు" అన్నాడు.

మంచివాడే. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.