చేతులు వెనక్కి పెట్టుకున్న పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిన వారం తాండూరులో కన్నుమూసింది. వికారాబాద్‌లో నాకు ఫోన్ వచ్చేసరికి బాబుకు మందు తాగిస్తున్నాను. వాడిని వాళ్ల నాన్నకు అప్పగించి, కూతురిని వెంటబెట్టుకుని రైలెక్కాను. తాండూరులో మావాళ్లది కందుల వ్యాపారం. ఆ దుమ్ము, తడిసిన గోనెసంచుల బూజు వాడి ప్రాణం మీదికి తెస్తాయి.

పెద్దమ్మకు ముగ్గురు కొడుకులు పుట్టారట, ముగ్గురూ ఏడాది నిండకుండానే పోయారట. 'అట' అంటున్నానంటే, మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు, నాకూ బాబు జబ్బుపడ్డాకే తెలిసింది. ఆమె పసిపిల్లలను ముట్టుకోదని మాత్రం చిన్నప్పటి నుంచీ చూశాను. ఎవరింట్లో తొట్టెల వేడుక అయినా గడప దగ్గరే, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. ఆమె చేసిన భక్ష్యాలు అందరికీ కావాలి, ఆమె చెయ్యి మాత్రం ఎవరి బిడ్డ మీదా పడకూడదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీ ఇళ్లలోనూ ఇట్లాంటి మనిషి ఉండే ఉంటుంది.

బాబుకు పుట్టగానే వేసిన టీకా పుండు మానలేదు. చంకలో గడ్డ లేచింది. తర్వాత నిమోనియా, ఆ తర్వాత కాలేయంలో చీము. ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి మళ్లీ ఆసుపత్రికి. ఎటు చూసినా దారి లేదు. మీ అమ్మ వైపు మగపిల్లలు ఎవరైనా చిన్నప్పుడే పోయారా అని హైదరాబాద్ డాక్టరమ్మ అడిగితే, నాకు తెలిసి లేరన్నాను. పక్కనే ఉన్న మా అమ్మ తల దించుకుంది.

ఆ సాయంత్రం అమ్మే పెద్దమ్మకు ఫోన్ చేసిందట. మర్నాడు పెద్దమ్మ ఒక్కతే ఆసుపత్రికి వచ్చింది. బాబు చంకలో గడ్డను దూరం నుంచే చూసి డాక్టరమ్మతో చెప్పింది.

"నా ముగ్గురికి గిట్లనే లేచింది మేడం. నా పాపమన్నరు. నేను గూడ గదే అనుకున్న."

డాక్టరమ్మ వెంటనే ఒక ప్రత్యేకమైన రక్తపరీక్ష చేయించింది. బాబు రక్తంలోని తెల్లకణాలు క్రిములను మింగుతాయి గానీ చంపలేవని తేలింది. తల్లుల ద్వారా కొడుకులకు వచ్చే అరుదైన జబ్బు, ముట్టుకుంటే అంటేది కాదు. అమ్మమ్మ నుంచి పెద్దమ్మకూ అమ్మకూ, అమ్మ నుంచి నాకూ ఆ లోపం వచ్చింది, మాలో బయటపడలేదంతే. సంగతి తెలిశాక మందులు కుదిరాయి. ఎముక మజ్జ మార్పిడికి సరిపోయే మనిషి కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం. అందాకా వాడికి మట్టిలో ఆట లేదు, నాకు తెరిపి లేదు. అయినా వాడు బతికి ఉన్నాడు. అది పెద్దమ్మ పెట్టిన భిక్ష.

వాడు కోలుకున్నాక ఆమె ఒడిలో పెట్టబోతే వెనక్కి జరిగింది. నీ తప్పు కాదని డాక్టరమ్మ చెప్పింది కదా అన్నాను.

"చెప్పింది బిడ్డా. గీ చేతులకు ఎవలు చెప్పాలె?"

చివరిదాకా వాడిని ఎత్తుకోలేదు.

దహనం అయి, స్నానాలు చేసి వాకిట్లో కూర్చున్నాం. చుట్టాల పసిపాప ఒకతి గుక్కపట్టి ఏడుస్తుంటే నా కూతురు ఎత్తుకోబోయింది. దాని రక్తంలోనూ అది ఉందో లేదో ఇంకా పరీక్ష చేయించలేదు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా అమ్మ దాని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇడువమ్మా," అమ్మతో అన్నాను. "ఎత్తుకో బిడ్డా, ఏం గాదు."

నా కూతురు పాపను భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. ఏడుపు సన్నగిల్లింది. పాప దాని జడను గుప్పిట పట్టుకుని నిద్రపోయింది.