మోచెయ్యి వంచే పెండ్లికొడుకు

మా చెల్లెలికి జపాను సంబంధం వచ్చిందంటే హిందూపురంలో మా వీధంతా నోరు తెరిచింది. మా నాయన మాత్రం నోరు మూసుకున్నాడు. ఆయన నోరు మూసుకున్నాడంటే అనుమానం మొదలైనట్టే.

పిల్లోడిది కొత్తచెరువు. చిన్నప్పుడు చేన్లో పిట్టలను తోలడానికి రాళ్లు విసిరేవాడంట. పుట్టపర్తికి వచ్చిన ఒక జపాను పెద్దాయన అది చూసి ముచ్చటపడి, తమ దేశం తీసుకపోయి బేస్‌బాల్ నేర్పించినాడంట. మీసాలు సరిగా రాకముందే ఆ దేశంలోనే పెద్ద జట్టులో బంతి విసిరేవాడయినాడు. ఇదంతా సంబంధం తెచ్చిన ధర్మవరం మేనత్త చెప్పిన మాట.

నాయన ఆ పిల్లోణ్ణి ముందే చూసినాడు. వాడు జపాను పోకముందు పెనుకొండలో ఒక క్రికెట్ మ్యాచికి నాయనే అంపైరు. వాడు మోచెయ్యి వంచి రాయి విసిరినట్టు బంతి వేస్తాంటే, నాయన బంతి బంతికీ నో బాల్ ఇచ్చి, బౌలింగే మాన్పించినాడు.

"చెయ్యి వంచేవాడు మాటా వంచుతాడు. ఊర్లో ఇన్ని ఇండ్లుండగా నా ఇంటికే ఎందుకొస్తాండాడు? పగ తీర్చుకోవడానికే" అన్నాడు నాయన.

మేనత్త వీడియో క్యాసెట్ తెచ్చింది. పక్కింట్లో టీవీ ముందర అందరం కూర్చున్నాం. పిల్లోడు మట్టిదిబ్బ మీద నిలబడి, మోకాలు రొమ్ముదాకా లేపి విసురుతాంటే, బ్యాటు పట్టుకున్నోళ్లు గాలిని కొట్టి తలొంచుకుని పోతాండారు. జనం లేచి చప్పట్లు. నాయన చూసింది మోచెయ్యి ఒక్కటే.

"ఇంత వంచుతాంటే నో బాలని ఒక్కడూ చెయ్యి చాపడే. అంపైరును కొనేసినట్టుండారు."

"ఆ ఆటలో అట్లే విసరాలంటన్నా" అనింది మేనత్త.

"మోసం నేర్పే ఆట కూడా ఉంటాదా?"

మా అవ్వ ఇంకో అనుమానం తీసింది. "పరిగెత్తకుండా నిలబడే విసురుతాండాడు. సోమరేమో సూడండప్పా."

చెల్లెలు చింతపండు గింజలు తీస్తా ఏమీ విననట్టే ఉండింది. పొద్దున నీళ్లు పట్టేకాడ మాత్రం నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాయన వద్దంటే ఎదురు చెప్పను. మనిషిని చూడకుండా మాత్రం వద్దనద్దని చెప్పు. నాకా పిల్లోడు నచ్చినాడు" అనింది.

ఆ మాట నాయనకు చెబితే, "రానీ, నేనే చూస్తా" అన్నాడు. చలికాలంలో జపానులో ఆటలుండవంట. పిల్లోడు వాళ్లమ్మను తోడు తీసుకుని పెండ్లిచూపులకు వచ్చినాడు. బొరుగుల ఉగ్గాని తిన్నారు, కాఫీ తాగినారు. ఇంక చెల్లెల్ని పిలుస్తారనుకుంటే నాయన లేచినాడు.

"మామూలుగా పిల్లను నడిపించి చూస్తారు. ఈడ ముందు పిల్లోణ్ణి చూస్తాం. పెరట్లోకి రాప్పా."

గోడ మీద పాత కుండ పెట్టినారు. నాయన అంపైరు మాదిరి పక్కన నిలబడినాడు. పిల్లోడు విసిరినాడు. కుండ పగిలింది. ఆ వెంటనే నాయన కుడిచెయ్యి పక్కకు చాపినాడు. నో బాల్. వాళ్లమ్మ మొగం మాడిపోయింది.

పిల్లోడు నవ్వినాడు. "నో బాలే మామా. పెనుకొండలో కూడా మీరు తప్పు చెప్పలే. అందుకే అది తప్పుకాని ఆటకు పోయినా."

"అంటే ఆ అంపైరు నేనేనని తెలిసే వచ్చినావా?"

"లే మామా, ఈడికొచ్చినాకే తెలిసె. వచ్చినప్పటినుంచి మీరు నా మొగం చూల్లే. మోచెయ్యే చూస్తాండారు."

అవ్వ పక్కున నవ్వింది. ఆ పొద్దు పెనుకొండలో కూడా వీడు మారుమాట్లాడకుండా బంతి ఇచ్చేసిపోయినాడని నాయనకు అప్పుడు యాదికొచ్చినట్టుండాది. చాపిన చెయ్యి మెల్లగా దించి, "పిల్లను ఇంకో గ్లాసు కాఫీ తెమ్మనండి" అన్నాడు.

చెల్లెలు తెచ్చింది. పిల్లోడు చెయ్యి చాపి గ్లాసు అందుకున్నాడు. నాయన చూపు అప్పుడు కూడా ఆ మోచెయ్యి మీదే ఉండాది.